ఓటు హక్కు, పోటీ హక్కు: బౌద్ధుల ముప్పై నాలుగేళ్ల నిరీక్షణ

ఓటు వేసే హక్కు వేరు, ఓటు అడిగే హక్కు వేరు. బౌద్ధ ధర్మాన్ని స్వీకరించిన షెడ్యూల్డ్ కులాల వారికి మొదటిది ఎన్నడూ దూరం కాలేదు. రెండవదానిలో ముఖ్యమైన భాగం, అనగా రిజర్వుడు స్థానంలో పోటీ చేసే అర్హత, 1956 నుండి 1990 వరకు దూరమైంది. ఈ చరిత్రను ఇక్కడ సంగ్రహంగా పరిశీలిద్దాము.

1919లో సౌత్‌బరో కమిటీ ముందు సాక్ష్యమిచ్చిన నాటి నుండే డాక్టర్ అంబేడ్కర్ అస్పృశ్యులకు ఓటును, ప్రాతినిధ్యాన్ని జమిలిగా కోరారు. 1932 పూనా ఒడంబడిక రిజర్వుడు స్థానాలను ఇచ్చింది. రాజ్యాంగంలోని 326వ అధికరణం వయోజనులందరికీ ఓటు నిచ్చింది. మతం, జాతి, కులం, లింగం కారణంగా మాత్రమే ఎవరినీ ఓటర్ల జాబితాకు అనర్హులను చేయరాదని 325వ అధికరణం శాసించింది. 1948లో సంస్థాన పాలన ముగిసిన బస్తర్‌లో మన మద్దేడ్ వంటి పల్లెలకు సైతం నాలుగేళ్లలోనే వయోజన ఓటు వచ్చింది.

అయితే 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు, హిందువు కానివారిని షెడ్యూల్డ్ కులస్థులుగా పరిగణించరాదన్నది. 1956లో సిక్కులను చేర్చారు; బౌద్ధులను చేర్చలేదు. ఆ ఏడాది అక్టోబరు 14న నాగపూర్‌లో బాబాసాహెబ్, లక్షలాది అనుయాయులు ధర్మదీక్ష తీసుకున్నారు. 1962 ఎన్నికల్లో అదే నాగపూర్‌లో రిజర్వుడు స్థానం నుండి డి.పి. మేశ్రాం గెలిచారు. ఆయన బౌద్ధుడంటూ పంజాబ్‌రావు వేసిన వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కొత్త మతాన్ని బహిరంగంగా ప్రకటించుకున్నవాడు ఆ మతస్థుడేనని తేల్చి, న్యాయస్థానం ఆ ఎన్నికను రద్దు చేసింది. ధర్మాన్ని దాచుకోని నిజాయితీకి చెల్లించిన మూల్యమది.

జనరల్ స్థానాలు మాత్రం అందరికీ తెరిచే ఉన్నాయి. తెలుగునేలపై 1957 పార్వతీపురం ద్విసభ్య లోక్‌సభ స్థానం వివాదమే ఇందుకు సాక్ష్యం. అక్కడ షెడ్యూల్డ్ తెగకు చెందిన డిప్పల సూరిదొర జనరల్ స్థానానికి ఎన్నికయ్యారు. ఓడిన వి.వి. గిరి దానిని ప్రశ్నించగా 1959లో సుప్రీంకోర్టు సూరిదొర ఎన్నికనే సమర్థించింది. రిజర్వేషన్ కనీస రక్షణయే గాని గరిష్ఠ పరిమితి కాదని ఆ తీర్పు మనకు బోధిస్తుంది. కాని ఆ కనీస రక్షణే బౌద్ధులకు లేకపోయింది.

షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతపు షరతు లేదు. కనుక తెగలకు కేటాయించిన మన బీజాపూర్ శాసనసభ స్థానంలో పోటీకి మతం అడ్డు కాదు. కులాల విషయంలో ఆ అడ్డు తొలగడానికి 1990 వరకు ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది పార్లమెంటు ఉత్తర్వును సవరించి బౌద్ధులను చేర్చింది. న్యాయస్థానం ఉన్న చట్టాన్ని చదివింది. చట్టాన్ని మార్చినది ప్రజలెన్నుకున్న సభ.

రిజర్వేషన్ పోతుందన్న భయంతో నేటికీ జనగణనలో తమ ధర్మం చెప్పుకోని కుటుంబాలున్నాయి. 1990 సవరణతో ఆ భయానికి ఆధారం తొలగిపోయింది. ఇంటిలో బుద్ధుని పటం ముందు పలికే మాటనే ప్రభుత్వ పత్రంలోనూ నిర్భయంగా రాయించవలెనని మా విన్నపం.