అవయవ మార్పిడి – గ్రహీత వయస్సు: హైదరాబాదు నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

హైదరాబాదులో సైబర్ టవర్స్ 1998 నవంబరు 22న ప్రారంభమైంది. అదే నెలలో ఢిల్లీ అపోలో ఆసుపత్రి వైద్యులు రెండేళ్లు నిండని శిశువుకు తండ్రి కాలేయంలోని కొంత భాగాన్ని అమర్చారు. పిల్లల కాలేయ మార్పిడిలో దేశానికి అది తొలి విజయం. ఈ రెండు ఘటనలకూ సంబంధం లేదు. కాని తరువాతి కాలంలో గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడలలో వెలసిన పెద్ద ఆసుపత్రులతో ఐటీ కారిడార్ అవయవ మార్పిడికి కూడా చిరునామా అయింది. ఏ వయస్సువారికి అవయవం దక్కాలన్న ప్రశ్నకు మాత్రం చట్టం ఒక జవాబు, వైద్యం మరొక జవాబు ఇస్తూ వచ్చాయి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1995లో సొంతంగా అవయవ మార్పిడి చట్టం చేసుకుంది. మరణించిన దాతల అవయవాల పంపిణీకి నిమ్స్ కేంద్రంగా జీవన్‌దాన్ 2013లో ఆచరణలోకి వచ్చింది. (బతికీ చచ్చినవాడని నిందార్థంలో వాడిన ‘జీవన్మృతుడు’ పత్రికల భాషలో అవయవదాతకు గౌరవవాచకమైంది, ఈ అర్థవిపరిణామం విడిగా పరిశీలించదగినది.) జాతీయ మార్గదర్శకాలలో 65 ఏళ్లు దాటినవారు ఆ అవయవాలకు పేరు నమోదు చేసుకోరాదన్న నిబంధన ఉండేది. కేంద్ర ఆరోగ్యశాఖ 2023 ఫిబ్రవరిలో దాన్ని తొలగించింది.

ఈ తొలగింపు ఆలస్యంగా జరిగిందనే చెప్పాలి. డయాలసిస్‌పై ఎదురుచూసేవారితో పోలిస్తే కిడ్నీ పొందినవారిలో దీర్ఘకాలిక మరణాల రేటు 48 నుంచి 82 శాతం తక్కువని అమెరికాలో వూల్ఫ్ బృందం 1999లోనే చూపింది. శస్త్రచికిత్స జరిగిన తొలి రోజులలో ప్రమాదం ఎక్కువే. యువకులకు దక్కే లాభమూ ఎక్కువే. అయినా అరవై దాటినవారికీ మేలు కనిపించింది. అదే ఏడాది యూరోట్రాన్స్‌ప్లాంట్ సంస్థ 65 దాటిన దాతల కిడ్నీలను 65 దాటిన గ్రహీతలకు కేటాయించే పద్ధతి ప్రారంభించింది. వృద్ధుల రోగనిరోధక శక్తి మందగించడం వల్ల వారి శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరించడం తక్కువ. ఆ శక్తిని అణచే మందులే ఇన్‌ఫెక్షన్లకు దారితీస్తాయి. అమర్చిన కిడ్నీ చక్కగా పనిచేస్తుండగానే గుండెజబ్బుతో మరణించేవారు వీరిలో ఎక్కువ.

అవయవం చెడిపోయే ప్రమాదం హెచ్చుగా ఉండేది ముసలితనంలో కాదు, కౌమారం చివర, తొలి యౌవనంలో. పిల్లల వైద్యుని నుంచి పెద్దల వైద్యునికి మారే ఈ దశలో మందులు తప్పిపోతుంటాయి. కన్నవారి కంటికి దూరంగా హాస్టల్లో చేరి, తొలి ఉద్యోగానికి మాదాపూర్ బాట పట్టే వయస్సూ ఇదే. ఏ వయోపరిమితీ పట్టించుకోని ప్రమాదం ఇది.

1995 చట్టం దగ్గరి బంధువులుగా భార్యాభర్తలను, తల్లిదండ్రులను, సంతానాన్ని, తోబుట్టువులను మాత్రమే గుర్తించింది. మనవడికి కిడ్నీ ఇవ్వదలచిన నాయనమ్మ చట్టం దృష్టిలో బయటి మనిషి. అనుమతి సంఘం ముందు నిలబడవలసిందే. కేంద్రం 2011 సవరణలో అవ్వాతాతలను, మనవలను దగ్గరి బంధువులలో చేర్చినా, దాన్ని స్వీకరిస్తూ తెలంగాణ శాసనసభ తీర్మానించింది 2025 మార్చిలో. అరవై ఏళ్ల కిడ్నీ పదేళ్ల బాలుడికి జీవితకాలం సరిపోదు. మరో మార్పిడి అవసరం కావచ్చు. ఈ లోపు అతడు డయాలసిస్ లేకుండా ఎదుగుతాడు, బడికి వెళ్తాడు. అయితే సవరణ ఒక్క దిశలోనే పనిచేయదు. తాతకు కిడ్నీ ఇచ్చే మనవరాలు కూడా ఇప్పుడు దగ్గరి బంధువే.