వడ్లాయన చెయ్యి, ఆఫీసు టేపు

1952లో అమెరికాలో కర్ట్ వానెగట్ తొలి నవల ‘ప్లేయర్ పియానో’ అచ్చయింది. అదే ఏడాది సెప్టెంబరులో ఎం.ఐ.టి. సర్వోమెకానిజమ్స్ లాబరేటరీ ఒక మిల్లింగ్ మిషన్‌ని జనానికి చూపించింది. చిల్లులు పడిన కాగితం టేపు చదువుకుంటూ, మనిషి చెయ్యి తగలకుండా లోహాన్ని కోసే మిషన్ అది. ఇవాళ ఆన్‌లైన్‌లో కొనుక్కుని టేబుల్ మీద పెట్టుకునే చిన్న సి.ఎన్.సి. రౌటర్‌కి అది ముత్తాత. ఆ నవలనీ ఈ మిషన్‌నీ పక్కపక్కన పెట్టి చదివితే, కర్నూలు, కడప ప్రాంతాల్లో వడ్రంగం ఇప్పుడు ఎక్కడ నిలబడి ఉందో కొంత అర్థమవుతుంది.

నవలలో రూడీ హెర్ట్జ్ అని ఒక లేత్ పనివాడు ఉంటాడు. ఫ్యాక్టరీలో అతన్ని మించిన చెయ్యి లేదు. కుర్ర ఇంజనీర్లు వచ్చి అతని చేతి కదలికల్ని టేపు మీదకి ఎక్కించుకుంటారు. ఆ తర్వాత టేపే లేతుల్ని నడుపుతుంది, రూడీతో పని ఉండదు. తన చెయ్యి టేపులోకి ఎక్కినందుకు రూడీకి గర్వంగానే ఉంటుంది, అదీ అసలు బాధ. వానెగట్ ఈ నవలకి ముందు జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో ప్రచార విభాగంలో పనిచేశాడు. అక్కడ తనంతట తానే కోసే మిషన్‌ని చూశాకే ఈ కథ తట్టిందని తర్వాత చెప్పుకున్నాడు.

చరిత్రలో నిజంగానే ఇలాంటి దారి ఒకటి ఉండేది. మంచి పనివాడు ఒకసారి చేసి చూపిస్తే, ఆ కదలికల్ని రికార్డు చేసి మిషన్ చేత మళ్ళీ మళ్ళీ చేయించడం. 1940ల చివర్లో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళు దీన్ని పని చేయించారు కూడా. రెండో దారి జాన్ పార్సన్స్‌ది. మిషిగన్‌లో హెలికాప్టర్ రెక్కలు చేసే ఆయన, ఫ్రాంక్ స్టూలెన్ అనే ఇంజనీరుతో కలిసి, వంపుల్ని పంచ్ కార్డు మిషన్ల మీద బిందువులుగా లెక్క కట్టించాడు. 1949లో వైమానిక దళం కాంట్రాక్టు వచ్చింది. అది ఎం.ఐ.టి. దాకా వెళ్ళి 1952 మిషన్ అయింది. ఇందులో పనివాడి చేతికి చోటు లేదు. ఆఫీసులో కూర్చున్నవాళ్ళు లెక్క రాస్తారు, షాపులో మిషన్ కోస్తుంది.

రెండో దారే ఎందుకు గెలిచింది? డేవిడ్ నోబుల్ అనే చరిత్రకారుడు 1984లో ‘ఫోర్సెస్ ఆఫ్ ప్రొడక్షన్’ అనే పుస్తకంలో ఒక జవాబు చెప్పాడు. టెక్నాలజీ మెరుగైనందువల్ల మాత్రమే కాదు, పని మీద పెత్తనం షాపు నుంచి ఆఫీసుకి మారాలని యాజమాన్యాలు కోరుకున్నందువల్ల అంటాడు. నాకు ఈ వాదన చాలావరకు నచ్చుతుంది. అయితే పార్సన్స్ ముందున్న చిక్కు నిజమైనదే. కొన్ని వంపులు ఎంత గట్టి పనివాడి చేతికైనా లొంగవు. వాటికి లెక్కే కావాలి.

ఇప్పుడు మన వైపు వద్దాం. రాయలసీమ మెట్ట చేలల్లో విత్తనం వేసే పనిముట్టు గొర్రు. కింద వరసగా పళ్ళు, వాటి నుంచి పైకి వెదురు గొట్టాలు, అవన్నీ కలిసే చోట జడ్డిగం అనే చెక్క గిన్నె. గిన్నెలో పోసిన గింజ అన్ని గొట్టాల్లోకీ సమానంగా దిగాలి. ఒక్క రంధ్రం తేడా వచ్చినా ఆ సాలు పలచబడుతుంది. వాన ఒక్క పదునిచ్చి వెళ్ళిపోయే నేల ఇది, రెండోసారి విత్తడానికి అదను దొరకదు. అంటే వడ్లాయన ఉలి తేడా రైతు గింజల తేడా అన్నమాట. అందుకే ఊరి పన్నెండు మంది ఆయగాళ్ళలో వడ్రంగికి చోటుండేది, కళ్ళంలో మేర కొలిచేవారు. కాలజ్ఞానం చెప్పిన బ్రహ్మంగారు కందిమల్లాయపల్లెలో వడ్రంగం చేసుకుంటూ బతికారనే చెబుతారు.

ఈ విద్య కాగితం మీద లేదు. తండ్రి పక్కన కూర్చుని కొడుకు నేర్చుకున్నాడు, అంతే. గొర్రు ఇనుముకి మారి ట్రాక్టర్ వెనక్కి చేరాక ఆ చెయ్యికి పని తగ్గింది. మిగిలింది తలుపులు, వాకిళ్ళు. ఇప్పుడు పట్నాల్లో వాటినీ పెద్ద రౌటర్లు చెక్కుతున్నాయి. ఇల్లు కట్టుకునేవాళ్ళు ఫోనులో డిజైన్ చూసి వేలు పెడతారు, ఫైలు ఎక్కడినుంచో వస్తుంది, గజలక్ష్మి గంటల్లో తయారు. వడ్రంగి ఆ తలుపుని బిగించడానికి వస్తాడు. నోబుల్ చెప్పిన ఆఫీసు ఇక్కడ ఫోనులోకి వచ్చి కూర్చుంది.

చిన్న రౌటర్ కథ కొంచెం వేరు. 2009లో నార్వేకి చెందిన సిమెన్ స్వాలే స్కోగ్స్‌రుడ్ ‘గ్రబుల్’ అనే ప్రోగ్రాం రాసి అందరికీ ఇచ్చేశాడు. అది 32 కిలోబైట్ల జాగా ఉన్న ఆర్డుయినో చిప్పులో సరిపోతుంది. ఒకప్పుడు వైమానిక దళం డబ్బుతో నడిచిన పని ఇంటి టేబుల్ మీదకి దిగింది. లెక్క రాసేవాడు, మిషన్ నడిపేవాడు మళ్ళీ ఒక్కడే అయ్యాడు.

ఆ లెక్క కష్టమైనదేం కాదు. స్టెప్పర్ మోటారు ఒక చుట్టుకి 200 అడుగులు వేస్తుంది. డ్రైవరు ఒక్కో అడుగునీ 16 ముక్కలు చేస్తే 3200. మర ఒక చుట్టుకి 8 మిల్లీమీటర్లు జరిగితే, మిల్లీమీటరుకి 400 అడుగులు. 100 మిల్లీమీటర్లు జరగమని చెప్పి స్కేలు పెట్టి చూడాలి. 98 వస్తే 400ని 100తో గుణించి 98తో భాగించాలి, దాదాపు 408. ఇంతవరకు సాఫ్ట్‌వేర్ వాళ్ళకి హాయిగానే ఉంటుంది.

చెక్క పెట్టాక అసలు పని మొదలు. నల్లతుమ్మ గట్టిది, వేప పోగు అటూ ఇటూ తిరుగుతుంది. బిట్టు నిమిషానికి 10,000 చుట్లు తిరుగుతూ, దాని రెండు అంచులతో 1000 మిల్లీమీటర్లు నడిస్తే, ఒక్కో అంచు 0.05 మిల్లీమీటర్ల పెచ్చు తీస్తుంది. మరీ మెల్లగా నడిపితే కోయడం మాని రుద్దుతుంది, చెక్క మాడుతుంది. పోగుకి ఎదురెళితే అంచు లేచిపోతుంది. మిషన్‌కి పోగు కనపడదు. వడ్లాయన పలకని ఒకసారి వెలుతురుకి పట్టి చూసి ఏ వైపు నుంచి చిత్రిక పట్టాలో చెప్పేస్తాడు. ఇంకోటి, 3 మిల్లీమీటర్ల గుండ్రటి బిట్టు లోపలి మూలని ఎప్పుడూ 1.5 మిల్లీమీటర్ల గుండ్రంగానే వదులుతుంది. చదరపు కుసి ఇమడాలంటే ఆ మూలకి ఉలి పట్టాల్సిందే.

కాబట్టి గెలిచిన దారి, ఓడిన దారి అని నోబుల్ గీసిన గీత ఈ చిన్న మిషన్ దగ్గర చెరిగిపోతుంది. పనివాడి చేతిని రికార్డు చేసుకోవడానికీ ఇదే మిషన్ పనికొస్తుంది, అతన్ని బయటికి పంపడానికీ ఇదే పనికొస్తుంది. ఇక్కడ తేడా ఫైలు ఎవరిది, ఎవరు కూర్చుని రాశారు అన్నదే. జడ్డిగం కొలతలు తెలిసిన పెద్దవాళ్ళ పక్కన కూర్చుని, ఏ చెక్క, ఎన్ని అంగుళాల లోతు, రంధ్రం ఏ వాలు అని అడిగి ఫైలు చేయడం ఒక్క వేసవి పని. పేరు వాళ్ళది ఉండాలి, మేరా వాళ్ళకే చేరాలి. రూడీకి ఆ రెండోది దక్కలేదు.

ఒక సాంకేతిక హెచ్చరిక. జి-కోడ్‌లో బ్రాకెట్లలో రాసింది కామెంటు, మిషన్ దాన్ని పట్టించుకోదు. ఆ పెద్దాయన మాటలు తెలుగులో రాయాలంటే అదే చోటు. కానీ గ్రబుల్ 1.1 నుంచి, 127 దాటిన కొన్ని బైట్లు ఎక్కడ కనపడ్డా తక్షణ ఆజ్ఞలే. యూనికోడ్‌లో ‘గ’ అంటే 224, 176, 151. ఆ 151 వచ్చిందంటే ఖాళీ పరుగు వేగం నాలుగో వంతుకి తగ్గుతుంది. ‘చ’లోని 154 బిట్టు తిరిగే వేగాన్ని పది శాతం పెంచుతుంది. పంపే సాఫ్ట్‌వేర్ కామెంట్లని ముందే తీసేయకపోతే, ‘గొర్రు’ అని రాసినా, ‘చెక్క’ అని రాసినా మిషన్ నడక మారుతుంది. తెలుగు రాసుకునేవాళ్ళు ఉంటారని ఎవరూ అనుకోలేదు మరి. మిషన్‌కి వెళ్ళే ఫైలులోంచి కామెంట్లు తీసేసి, దాచుకునే ఫైలులో మాత్రం ఉంచండి.