కవిలె కట్టల నుంచి విత్తనం కబురు దాకా

కర్నూలు, కడప సీమల గురించి సర్కారు దగ్గర కాగితాలకు ఏనాడూ కొదవ లేదు. ఏ ఊళ్లో మాగాణి ఎంత, మెట్ట ఎంత, ఏ చెరువు కింద ఎంత పారకం, ఏ గుడికి ఎంత మాన్యం, అన్నీ కరణాల కవిలె కట్టల్లో ఉండేవి. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి వదులుకున్నాక థామస్ మన్రో కలెక్టరుగా వచ్చాడు. 1807 దాకా ఇక్కడే ఉండి, పొలం పొలం కొలిపించి, రైతు పేరున శిస్తు నిర్ణయించాడు. కర్నూలు మాత్రం 1839 దాకా నవాబుల చేతిలోనే ఉండిపోయింది.

మన్రో వెనకే కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ మనుషులు ఊళ్లకు వచ్చారు. ఊరికి ఆ పేరెలా వచ్చింది, చెరువు ఎవరు తవ్వించారు, శాసనం ఏ బండ మీద ఉంది, ఏ కరువులో ఊరు పాడుపడింది, మళ్లీ ఎవరొచ్చి నిలబెట్టారు అని ఒక్కొక్కటే అడిగి, కరణాలు చెప్పింది చెప్పినట్టు రాసుకున్నారు. అవే కైఫీయతులు. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చి తెలుగు మీద మనసుపడ్డ సి.పి. బ్రౌన్, శిథిలమవుతున్న ఆ రాతలకు తర్వాతి కాలంలో ప్రతులు రాయించాడు. కడపలో ఆయన బంగళా ఉన్నచోట వెలసిన భాషా పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫీయతులను సంపుటాలుగా అచ్చు వేసింది. తమ ఊరు చెప్పిన సంగతి తిరిగి ఆ ఊరివాళ్ల చేతికి రావడానికి దాదాపు రెండు వందల ఏళ్లు పట్టింది.

ఈ ఆలస్యం చరిత్ర విషయంలో సహించవచ్చు. ఆకలి విషయంలో ప్రాణాలు పోతాయి.

1875లో జిల్లా వివరాలన్నీ గుదిగుచ్చి గ్రిబుల్ అనే అధికారి రాసిన కడప జిల్లా మాన్యువల్ వెలువడింది. భారత వాతావరణ శాఖ పుట్టింది కూడా ఆ ఏడే. మరుసటి ఏడు, ధాత నామ సంవత్సరంలో, వానలు ముఖం చాటేశాయి. రెండేళ్లు సాగిన ఆ కరువును సీమ జనం ధాత కరువనే పిలుచుకున్నారు. 1871 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లాలో తొమ్మిది లక్షల పైచిలుకు మనుషులు ఉంటే, 1881 నాటికి ఏడు లక్షలు కూడా మిగల్లేదు. కరువు పనుల్లో రాళ్లు కొట్టే కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని, కరువు పనుల తనిఖీకి వైస్రాయి సర్కారు పంపిన రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ చావుల లెక్కలు ముందుపెట్టి ఆయనను ఎదిరించాడు. 1877లో కూలి పెంచక తప్పలేదు. కచ్చేరీలో పోగుపడ్డ అంకెలు బీదవాడి పక్షాన నిలబడిన అరుదైన సందర్భం అది.

వాన రాకను ముందే పట్టుకోవాలన్న తపన ఆ కరువు తర్వాతే ముదిరింది. హిమాలయాల మంచును చూసి వాతావరణ శాఖ తొలి అధిపతి బ్లాన్‌ఫర్డ్ 1886లో తొలి అధికారిక జోస్యం చెప్పాడు. 1904లో వాతావరణ శాఖ పగ్గాలు చేపట్టిన గిల్బర్ట్ వాకర్ గణిత పండితుడు. ప్రపంచం నలుమూలల నుంచి గాలి పీడనం, ఉష్ణోగ్రతల అంకెలు తెప్పించి, వాటికీ మన వానలకూ పొత్తు ఎక్కడ కుదురుతుందో గుమాస్తాల చేత చేతి లెక్కలు వేయించాడు. పసిఫిక్ సముద్రం మీది గాలి పీడనపు ఊగిసలాటను ఆ లెక్కల్లోనే గుర్తించాడు. వెనకటి అంకెల్లో పోలికలు వెతికి ముందు జరగబోయేది చెప్పడమే ఆయన చేసిన పని. ఇవాళ కృత్రిమ మేధ చేస్తున్నదీ దాదాపు అదే, అంతకు ఎన్నో రెట్ల వేగంతో.

ఇక రైతుకు తన లెక్క తనకుంది. రోహిణిలో దుక్కి, మృగశిరలో తొలకరి, ఆ వెనక ఆరుద్ర. మెట్ట రైతు గుండె దడ అంతా తొలకరి తర్వాతే. నాలుగు చినుకులు పడ్డాయని గొర్రు కడితే, ఆ తర్వాత ఇరవై రోజులు ఎండ కాస్తే, అప్పు తెచ్చి కొన్న బుడ్డల (వేరుశనగ) విత్తనం నేలపాలు. పదును పోతుందేమోనన్న భయం ఒకవైపు, విత్తనం పోతుందేమోనన్న భయం ఇంకోవైపు.

2016 జూన్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి సరిగ్గా ఈ చిక్కు మీదే ఒక ప్రయోగం చేశాయి. 1986 నుంచి 2015 దాకా ముప్పై ఏళ్ల వాతావరణ వివరాలు తీసుకున్నారు. రాష్ట్ర ప్రణాళికా సంస్థ ఏ రోజుకారోజు నమోదు చేసే వానను దానికి జోడించారు. నేలలోని తడి పైరు అవసరానికి ఎంతవరకు సరిపోతుందో లెక్కగట్టారు. 175 మంది రైతుల మామూలు ఫోన్లకు తెలుగులో కబుర్లు వెళ్లాయి. పొలంలో ఏ పరికరమూ పాతలేదు, రైతు రూపాయి ఖర్చు పెట్టలేదు. జూన్ మొదట్లోనే విత్తే అలవాటున్న చోట, ఆఖరి వారం దాకా ఆగమని ఆ కబురు చెప్పింది.

జూన్ ఆఖరి వారమంటే ఆరుద్ర కార్తె. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదని ఎప్పటినుంచో చెప్పుకునే రైతుకు ఆ సలహా మరీ కొత్తగా ఏమీ తోచి ఉండదు. కార్తె సుమారు రెండు వారాల గడువు చెబుతుంది, ఏటా ఒకే గడువు. యంత్రం ఆ ఏటి తడిని చూసి రోజు చెప్పింది. అసలు మేలు ఇక్కడుంది. దిగుబడి సగటున 30 శాతం పెరిగిందని ఇక్రిశాట్ ప్రకటించింది. ఒక్క మండలం, ఒక్క పంటకాలం మీద అంత పెద్ద తీర్పు చెప్పడం తొందరపాటే. మరుసటి ఏడు ఆంధ్రప్రదేశ్, కర్ణాటకల్లో మూడు వేల మందికి పైగా రైతులకు విస్తరించినప్పుడు పెరుగుదల పంటను బట్టి 10 నుంచి 30 శాతం మధ్య తేలింది. చిన్న రైతుకు పది శాతమైనా తక్కువేం కాదు.

2025 వానకాలంలో కేంద్ర వ్యవసాయ శాఖ 13 రాష్ట్రాల్లో సుమారు 3.8 కోట్ల మంది రైతులకు కృత్రిమ మేధతో లెక్కగట్టిన రుతుపవనాల కబుర్లు పంపింది. మధ్యలో వానలు ఆగిపోతాయన్న సంగతిని కూడా అవి ముందే పట్టుకున్నాయి. ఆ మోడళ్లకు ఊతమిచ్చినవి వాతావరణ శాఖ కూడబెట్టిన 125 ఏళ్ల వాన లెక్కలు. కచ్చేరీ ఆవరణల్లో వానమాపకం దగ్గర నిలబడి రోజూ అంకె రాసిన పేరులేని ఉద్యోగుల కష్టం అందులో ఉంది.

సీమ నుంచి రెండు శతాబ్దాలుగా పైకి వెళ్లిన సమాచారం ఇప్పుడు కిందికి దిగడం మొదలైంది. అది చివరి మనిషి దాకా రావాలి. పాసుపుస్తకం ఎవరి పేరున ఉందో ఆ ఫోనుకే కబురు వెళితే, గొర్రు కట్టే కౌలు రైతుకు అందదు. విత్తే మనిషి ఫోను నంబరును ఊరివారీగా గ్రామ సచివాలయాల్లో నమోదు చేయాలి. ఏ మండలంలో జోస్యం నెగ్గింది, ఎక్కడ తప్పింది అన్నది ఏటా బహిరంగంగా ప్రకటించాలి. తప్పిన చోట విత్తనం నష్టపోయిన రైతుకు రెండోసారి విత్తడానికి ప్రభుత్వమే విత్తనం ఇవ్వాలి. ఈ ఏర్పాట్లు రోహిణి కార్తెకు ముందే పూర్తి కావాలి.