రోకలి ఇంజను, తిరగలి ఇంజను

అమెరికాలో మనవాళ్ళు కారు కొనే పద్ధతి అందరికీ తెలిసిందే. కామ్రీ, లేకపోతే అకార్డ్. ఇంకాస్త పొదుపరులైతే కరోలా, లేకపోతే సివిక్. "టైముకి ఆయిల్ మార్పించు బావా, లక్షన్నర మైళ్ళు కళ్ళు మూసుకుని తిరుగుతుంది" అని ముందొచ్చినవాడు వెనకొచ్చినవాడికి చెప్తాడు. వాడు ఆ తర్వాత వచ్చినవాడికి చెప్తాడు. ఏ ఊళ్ళో గుడికెళ్ళినా పార్కింగ్ లాట్‌లో మన కారేదో మనకే తెలియని పరిస్థితి ఇందుకే.

నూటికి ఒక్కడు ఈ ఉపదేశం పెడచెవిన పెట్టి స్పోర్ట్స్ కారు కొంటాడు. కొన్న మర్నాటినుంచి వాడికి కంటిమీద కునుకుండదు. ఇంజను చప్పుడు నిన్నటిలాగే ఉందా? ఆయిల్ ఎందుకు తగ్గింది? వారంటీ అయిపోయిన మర్నాడే పోతే గతేమిటి?

ఈ భయాలన్నిటికీ పుట్టిల్లులాంటి కారు ఒకటుంది. అది మాజ్డా ఆర్‌ఎక్స్-8. 2003లో వచ్చింది, 2012లో తయారీ ఆగిపోయింది. నాలుగు తలుపులు, వెనక ఇద్దరు నిజంగానే కూర్చోగలిగే చోటు, 9,000 ఆర్‌పీఎమ్ దాకా హాయిగా తిరిగే ఇంజను. సెకండ్ హాండ్‌లో ఇప్పటికీ చవగ్గా దొరుకుతుంది. చవగ్గా ఎందుకు దొరుకుతుందో కనుక్కోవాలంటే మాత్రం అరవై, డెబ్భై ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి.

మామూలు ఇంజను రోకలిలాంటిది. పిస్టన్ పైకి వెళ్తుంది, ఆగుతుంది, కిందికి వస్తుంది, మళ్ళీ ఆగుతుంది. 6,000 ఆర్‌పీఎమ్ దగ్గర ఒక్కో పిస్టన్ సెకనుకి 200 సార్లు ఆగి వెనక్కి తిరగాలి. రోటరీ ఇంజను తిరగలిలాంటిది. నడుం దగ్గర కాస్త నొక్కిన కోడిగుడ్డు ఆకారంలో ఒక గది, అందులో బుగ్గలు ఉబ్బిన ముక్కోణం లాంటి రోటర్. అది ఎప్పుడూ ఒకవైపే తిరుగుతుంది. వాల్వులు లేవు, క్యామ్ షాఫ్టు లేదు. అందుకే ఇంజను చిన్నది, తేలిక, అదురు తక్కువ. ఆర్‌ఎక్స్-8లో ఉన్నది ఒక్కోటి 654 సీసీల చొప్పున రెండు రోటర్లు, మొత్తం 1.3 లీటర్లు. మాన్యువల్ గేర్ల కారులో 238 హార్స్‌పవర్ ఇచ్చేది. 2005లో మన దేశంలో వచ్చిన మారుతి స్విఫ్ట్ ఇంజను కూడా 1.3 లీటర్లే, ఇచ్చేది 87. సీసీలు లెక్కగట్టే తీరులో కొంత మాయ ఉంది. పిస్టన్ ఇంజనుతో పోల్చాలంటే రోటరీని రెట్టింపు చేసి చూడాలంటారు. అయినా తేడా తేడాయే.

మరి ఇంత బాగుంటే అందరూ ఇదే ఎందుకు చెయ్యలేదు? కిటుకంతా ఆ ముక్కోణం మూడు కొనల దగ్గర ఉంది. ఒక్కో కొనకీ ఒక సన్నటి బద్ద బిగిస్తారు, దాన్ని ఏపెక్స్ సీల్ అంటారు. ఆర్‌ఎక్స్-8లో దాని మందం 2 మిల్లీమీటర్లు. నిమిషానికి వేలసార్లు పేలే మంటకి అడ్డంగా నిలబడి, గోడని ఒరుసుకుంటూ, గ్యాసు పక్కగదిలోకి పోకుండా ఆపాలి. పిస్టన్ రింగుకి కిందనుంచి ఎప్పుడూ ఆయిల్ అందుతూ ఉంటుంది. ఈ బద్దకి ఆ భాగ్యం లేదు. అందుకని ఒక చిన్న పంపు పెట్టి, ఇంజను ఆయిలునే బొట్లుబొట్లుగా లోపలికి వదులుతారు. అది పెట్రోలుతో పాటు కాలిపోతుంది. అంటే ఈ ఇంజను ఆయిల్ తాగడం జబ్బు కాదు, దాని తిండే అది.

ఈ ఆలోచన ఫెలిక్స్ వాంకెల్ అనే జర్మన్‌ది. ఆయనకి ఇంజనీరింగ్ డిగ్రీ లేదు. 1929లో మొదటి పేటెంటు తీసుకున్నాడు. 1951 నుంచి ఎన్‌ఎస్‌యూ అనే కంపెనీతో కలిసి పనిచేశాడు. 1957లో మొదటి నమూనా ఇంజను తిరిగింది. దాన్ని సులువు చేసి, నేటి రూపానికి తెచ్చినవాడు ఎన్‌ఎస్‌యూ ఇంజనీరు హాన్స్ డీటర్ పాష్కె. ఇక ప్రపంచం వెర్రెత్తిపోయింది. అమెరికాలో విమానాల ఇంజన్లు చేసే కర్టిస్-రైట్ 1958లోనే లైసెన్సు తీసుకుంది. జనరల్ మోటార్స్ 1970లో 5 కోట్ల డాలర్లకి ఒప్పందం చేసుకుంది.

ఎన్‌ఎస్‌యూ 1967లో రో 80 అనే కారు తెచ్చింది. ఆ కాలానికి అది అద్భుతం. ఐరోపాలో 1968కి కార్ ఆఫ్ ది ఇయర్ బహుమతి కూడా కొట్టేసింది. కానీ సీల్సు తొందరగా అరిగిపోయాయి. కంపెనీ మాట తప్పలేదు, వారంటీలో ఇంజన్లు మారుస్తూనే పోయింది. రోడ్డుమీద ఒక రో 80 యజమానికి ఇంకొకాయన ఎదురైతే చెయ్యి ఊపడం మానేసి, ఇప్పటిదాకా ఎన్ని ఇంజన్లు మారాయో వేళ్ళు చూపించుకునేవారని ఒక జోకు. ఆ ఖర్చుకి కంపెనీ నడుం విరిగింది. 1969లో ఫోక్స్‌వాగన్ దాన్ని తీసుకుని ఆటో యూనియన్‌తో కలిపేసింది. అదే ఇప్పటి ఆడీ. విచిత్రమేమిటంటే ఆ తర్వాత కొద్దికాలానికే సీల్ పదార్థం మార్చారు, ఇంజను కుదురుకుంది. ఇంజను బాగుపడింది గానీ పేరు బాగుపడలేదు. 1977లో ఆ కారు ఆగిపోయేటప్పటికి 37 వేల పైచిలుకు మాత్రమే అమ్ముడుపోయాయి. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ప్రొడక్షన్‌లో టెస్టింగ్ చేశారు. బిల్లు మాత్రం కస్టమరు గుండెల్లో రాసుకున్నాడు.

ఇదే ఇంజను, ఇదే జబ్బు, ఇంకో కంపెనీ చేతికి వెళ్ళింది. హిరోషిమాలోని టోయో కోగ్యో, తర్వాతి పేరు మాజ్డా. 1960ల మొదట్లో జపాను ప్రభుత్వం చిన్నాచితకా కార్ల కంపెనీలన్నిటినీ కలిపి రెండుమూడు పెద్ద గుంపులు చెయ్యాలని చూస్తోంది. ఎవరి దగ్గరా లేనిది మన దగ్గర ఉంటే తప్ప బతకమని అధ్యక్షుడు త్సునేజి మత్సుదా లెక్కేసుకున్నాడు. జర్మనీ వెళ్ళి లైసెన్సు తెచ్చాడు. 1963లో కెనిచి యమమోటో అనే ఇంజనీరు కింద 47 మందితో ఒక విభాగం పెట్టాడు. జపాను కథల్లోని 47 మంది సమురాయ్‌ల పేరే వాళ్ళకి స్థిరపడిపోయింది. ఈ యమమోటో యుద్ధం తర్వాత అదే ఫాక్టరీలో గేరుబాక్సులు బిగించే కార్మికుడిగా చేరినవాడు.

తెచ్చిన ఇంజను నడిపి చూస్తే లోపలి గోడమీద వరసగా గీతలు పడ్డాయి. వాటికి వాళ్ళు "దయ్యం గోళ్ళ గాట్లు" అని పేరు పెట్టారు. సీల్ గోడమీద నున్నగా జారడం లేదు, అదురుతోంది. మంచినీళ్ళ గ్లాసు అంచుమీద వేలు రాస్తే పాట పాడినట్టు, దాని సొంత లయలో అది కంపిస్తోంది. సీల్‌కి నిలువునా అడ్డంగా సన్నటి కన్నాలు పెడితే ఆ లయ మారింది, గాట్లు పోయాయి. తర్వాత కార్బన్, అల్యూమినియం కలిపిన సీల్ తయారుచేసి అమ్మకానికి పనికొచ్చేలా చేశారు. వెంటనే అంగట్లో పెట్టలేదు. 1965, 66లలో పదులకొద్దీ కార్లని డీలర్లకిచ్చి నడిపించి చూశారు. 1967 మే నెలలో కాస్మో స్పోర్ట్ వచ్చింది. మరుసటేడు రెండు కాస్మోలని జర్మనీలో 84 గంటల పోటీకి పంపితే ఒకటి నాలుగో స్థానంలో వచ్చింది. రెండోది 82వ గంటలో ఆగిపోయింది, అదీ ఇంజను వల్ల కాదు.

ఇక్కడితో శుభం కార్డు వెయ్యచ్చు గానీ అమెరికా కథ ఇంకా మొదలవలేదు. మాజ్డా 1970లో ఇక్కడికొచ్చింది. మూడేళ్ళు బ్రహ్మాండంగా అమ్మింది. 1973 అక్టోబరులో చమురు సంక్షోభం వచ్చింది. ప్రభుత్వ పరీక్షల్లో ఈ కార్లకి ఊళ్ళో గాలన్‌కి పది పదకొండు మైళ్ళకి మించి రాలేదు. దానికి తోడు నీళ్ళు కారకుండా ఆపే సీల్సు పోయి ఇంజన్లు వేడెక్కడం మొదలైంది. అమ్మకాలు కుప్పకూలాయి. జనరల్ మోటార్స్ 1974లో తన రోటరీని అటక ఎక్కించేసింది. దానిమీద ఆశపెట్టుకుని పేసర్ కారు గీసుకున్న అమెరికన్ మోటార్స్ చివరికి అందులో పాత ఆరు సిలిండర్ల ఇంజను దూర్చాల్సొచ్చింది.

మాజ్డా అప్పుడు రెండు పనులు చేసింది. ఒకటి, రోటరీ ఇంజనుకి 3 ఏళ్ళు లేదా 50,000 మైళ్ళ గ్యారంటీ ఇచ్చింది. రెండోది, సుమిటోమో బ్యాంకు అండతో నిలదొక్కుకుంటూ, ఫాక్టరీలో పనిచేసేవాళ్ళని కూడా కార్లు అమ్మడానికి పంపుతూ, యమమోటో బృందం చేత ఇంజను తాగే పెట్రోలు తగ్గించింది. మామూలు సంసారుల కారుకి ఈ ఇంజను పనికిరాదని ఈలోగా వాళ్ళకి అర్థమైంది. మైలేజీ గురించి పెద్దగా అడగనివాడు ఎవడు? స్పోర్ట్స్ కారు కొనేవాడు! 1978లో ఆర్‌ఎక్స్-7 అలా పుట్టింది. మూడు తరాల్లో 8 లక్షల పైచిలుకు అమ్ముడుపోయింది. 1984లో యమమోటో కంపెనీ అధ్యక్షుడయ్యాడు. 1991లో నాలుగు రోటర్ల 787బి కారు ల మాన్ 24 గంటల పోటీలో 4,900 కిలోమీటర్ల పైన పరిగెత్తి మొదటి స్థానంలో నిలిచింది. జపాను కంపెనీకి అక్కడ అదే తొలి గెలుపు.

అరగదన్న పేరు అంత కష్టపడి తెచ్చుకున్నాక మళ్ళీ ఆర్‌ఎక్స్-8 దగ్గర తడబడ్డారు. మొదటి ఏడాదే, చెప్పినదానికన్నా హార్స్‌పవర్ తక్కువని తేలింది. కావాలంటే కారు వెనక్కి తీసుకుంటామనీ, ఉంచుకునేవాళ్ళకి 500 డాలర్లూ, వారంటీ కాలమంతా ఉచిత సర్వీసూ అనీ అమెరికాలో ప్రకటించారు. తర్వాత ఇంజన్లలో కంప్రెషన్ పడిపోవడం బయటపడింది. 2004 నుంచి 2008 మోడళ్ళకి రోటరీ ఇంజను వారంటీని 8 ఏళ్ళకి, లక్ష మైళ్ళకి పెంచారు. 2009 మోడల్‌లో ఆయిల్ పంపు పద్ధతే మార్చారు, సీల్సుకి ఆయిల్ ఇంకోచోట కూడా పడేట్టు చేశారు.

ఇందులో యజమాని పాత్ర ఏమిటంటారా? బజాజ్ స్కూటర్ నడిపిన ఇంట్లో పెరిగినవాళ్ళకి ఇది కొత్త పాఠం కాదు. బంకులో పెట్రోలుతో పాటు ఆయిల్ కలిపి పోయించుకోవాలి. మర్చిపోతే పిస్టన్ పట్టేస్తుంది. పెట్రోలు ఎక్కువై స్టార్ట్ కాకపోతే బండిని పక్కకి వంచాలి, ప్లగ్గు ఊడదీసి తుడవాలి. ఆర్‌ఎక్స్-8 కూడా అంతే. పెట్రోలు పోయించుకున్నప్పుడల్లా డిప్‌స్టిక్ తీసి ఆయిల్ చూసుకోవాలి. గరాజులోంచి డ్రైవ్‌వే మీదకి జరపడానికి చల్లటి ఇంజను ఆన్ చేసి వెంటనే ఆపితే ప్లగ్గులు తడిసి మొరాయిస్తుంది. వేడెక్కేదాకా ఉండాలి. వేడెక్కాక అప్పుడప్పుడు ఇంజనుని బాగా తిప్పాలి, లేకపోతే మసి పేరుకుంటుంది. ఇగ్నిషన్ కాయిల్స్ బలహీనపడితే ఆలస్యం చెయ్యకుండా మార్చాలి. కామ్రీ నడిపినట్టు ఆయిల్ చూడకుండా ఐదువేల మైళ్ళు తిరిగితే, తప్పు జపాను వాళ్ళది కాదు.

చట్టం మాటకొస్తే మనం కొత్త కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. అమెరికన్లు చెడ్డ కారునే నిమ్మకాయ అంటారు. ఎన్నిసార్లు బాగుచేసినా బాగుపడని కొత్త కారుకి డబ్బు తిరిగి ఇప్పించే "లెమన్ చట్టాలు" 1982లో కనెక్టికట్‌తో మొదలై అన్ని రాష్ట్రాలకీ వచ్చాయి. 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం ఆయిల్ బయట మార్పించుకున్నారనో, సొంతంగా మార్చుకున్నారనో, ఆ ఒక్క కారణంతో వారంటీ ఎగ్గొట్టడానికి లేదు. కానీ అసలు ఆయిలే పొయ్యలేదని తేలితే ఎగ్గొట్టచ్చు. అందుకే రసీదులు దాచుకోవాలి.

ఇప్పుడు సెకండ్ హాండ్‌లో కొనేవాడికి ఆ వారంటీ ఎప్పుడో తీరిపోయింది. కాబట్టి బేరం ఆడేముందు కంప్రెషన్ పరీక్ష చేయించాలి, అదీ రోటరీ కోసం చేసిన మీటరుతో. మామూలు మీటరు మూడు ముఖాల్లో బాగున్న ఒక్క ముఖం అంకె చూపించి ఊరుకుంటుంది. ఇంజను వేడిగా ఉన్నప్పుడు ఆపి వెంటనే స్టార్ట్ చేసి చూడాలి. అప్పుడు సతాయిస్తే కంప్రెషన్ తగ్గిందని అనుమానించాలి. ఇంజను కొత్తగా కట్టించడానికి కొన్ని వేల డాలర్లు పక్కన ఉన్నాయా అని చివరగా జేబుని అడగాలి.

యమమోటో 2017లో, 95 ఏళ్ళ వయసులో పోయాడు. 2023లో మాజ్డా ఒకే రోటర్ ఇంజనుని ఎమ్‌ఎక్స్-30 అనే కారులో కరెంటు పుట్టించే జనరేటరుగా పెట్టి ఐరోపాలోనూ జపానులోనూ అమ్మకానికి తెచ్చింది. అమెరికాకి దాన్ని తేలేదు. ఆ 2 మిల్లీమీటర్ల బద్ద బతకాలంటే దాన్ని చేసే ఇంజనీరు ఓపిక పట్టాలి, అమ్మే కంపెనీ మాటమీద నిలబడాలి, నడిపేవాడు డిప్‌స్టిక్ చూసుకోవాలి. ఎన్‌ఎస్‌యూలో మొదటిది లోపించింది, రెండోదానికి కంపెనీయే బలైంది. మొదటి రెండూ కొనేవాడి చేతిలో లేవు. మూడోదానికి రెండు నిమిషాలూ, ఒక పాత గుడ్డముక్కా చాలు.