సాంచా లెక్కలో ఒక బ్రాకెట్టు: సూరత్ నేతపని సూత్రాలను కంప్యూటర్ చదివే తీరు

తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు సూరత్‌లోని లింబాయత్ వైపు స్థిరపడి దశాబ్దాలైంది. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. వారి కులవృత్తి అయిన నేతపనిలో బట్టను మీటర్లలో కొలుస్తారు, నూలును కిలోల్లో తూస్తారు. ఈ రెంటినీ కలిపే సూత్రాన్ని కంప్యూటర్ ఎలా చదువుతుందన్నదే ఇక్కడి పరిశీలన.

9,000 మీటర్ల పోగు ఎన్ని గ్రాములు తూగితే అది అన్ని డెనియర్లు. 100 మీటర్ల బట్టకు 75 డెనియర్‌లో 4,800 పోగుల పడుగు వేశామనుకుందాం. ఈ మూడూ గుణించి 90 లక్షలతో భాగిస్తే సరిగ్గా 4 కిలోలు. అయితే పడుగు పేక మీదుగా, కిందుగా వంగుతూ సాగుతుంది కాబట్టి బట్ట పొడవు కన్నా ఎక్కువే పడుతుంది. ఈ అదనాన్ని క్రింప్ అంటారు. అది 5 శాతమైతే 4ను (1 + 5 ÷ 100)తో గుణించాలి: 4.20 కిలోలు. బ్రాకెట్లు మరిచి 4 × 1 + 5 ÷ 100 అని రాస్తే వచ్చేది 4.05.

తేడా 150 గ్రాములు. 10,000 మీటర్లకు 15 కిలోలు. వ్యాపారి నూలిచ్చి బట్ట తీసుకునే జాబ్ పనిలో ఆ లోటుకు జవాబు చెప్పుకోవలసింది సాంచా (మరమగ్గం) నడిపించేవారే. పెద్ద తప్పైతే వెంటనే దొరుకుతుంది. నిమిషానికి 180, అంగుళానికి 60 పిక్కులతో (పేక పోగులతో), 85 శాతం సామర్థ్యంతో 12 గంటలు నడిచిన సాంచా 46.63 మీటర్లు నేస్తుంది. మీటరుకు 39.37 అంగుళాలు కాబట్టి మొత్తం పిక్కులను (60 × 39.37)తో భాగించాలి; ఆ బ్రాకెట్లు పోతే 72,283 మీటర్లు వస్తుంది, ఎవరూ నమ్మరు. 4.05ను మాత్రం అందరూ నమ్ముతారు.

సూత్రాన్ని ప్రోగ్రామ్ లోపల పాతిపెట్టకుండా, బయట ఒక పంక్తిగా రాసి చదివించే చిన్న లైబ్రరీలు ఉన్నాయి. సీ భాషలోని టైనీఎక్స్‌పర్ అలాంటిది: ఒక సోర్సు ఫైలు, ఒక హెడర్, అంతే. సూత్రాన్ని ఒక్కసారి చెట్టుగా విడదీసి, విలువలు మారినప్పుడల్లా మళ్లీ లెక్కిస్తుంది. రాతలో పొరపాటుంటే ఎన్నో అక్షరం దగ్గరో చెబుతుంది. కానీ మన 4.05 సూత్రంలో రాత తప్పు లేదు, అందుకే మౌనంగా ఉంటుంది. పైగా ఒక్కో లైబ్రరీది ఒక్కో వరస. 2^3^2ను (^ అంటే ఘాతం) ఇది మామూలుగా ఎడమ నుంచి చదివి 64 అంటుంది. గణిత పుస్తకాల ప్రకారం అది 512.

నాకు ఎక్కువ పట్టింపు ఉన్నది పేర్ల విషయంలో. ఈ లైబ్రరీ చలరాశుల పేర్లలో ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు, అండర్‌స్కోరు మాత్రమే ఒప్పుకుంటుంది. ‘పోగులు’ అన్న మాట యూటీఎఫ్-8లో 18 బైట్లు, వాటిలో ఒక్కటీ దానికి అక్షరం కాదు. పోగులు లెక్కపెట్టే మనిషి తన సూత్రాన్ని తన మాటల్లో చదవలేకపోతే సరిచూసేదెవరు? ఈ అడ్డు తీయడం కష్టమేమీ కాదు. లైబ్రరీ ముందు ఒక పేర్ల పట్టిక పెడితే చాలు. చెట్టును తిరిగి వాక్యంగా, అన్ని బ్రాకెట్లతో తెలుగులో చూపవచ్చు: ((పడుగు బరువు × 1) + (క్రింప్ ÷ 100)). ఇలా చూపితే, కిలోలకు శాతాన్ని కూడుతున్నారేమిటని నేతగాడే అడుగుతాడు.