కరెంటు చేరని లంకలలో రేడియో

1948వ సంవత్సరము డిసెంబరు 1వ తేదీన విజయవాడలో రేడియో కేంద్రము వెలసినది. తెలుగు మాట గాలిలోనికి వచ్చినది గాని, ముమ్మిడివరము చుట్టుపట్ల కరెంటు చేరని లంకలలో దానిని వినుట ఎట్లు? ఆనాటి రేడియోలోని వాల్వు ఒక విధమైన దీపము. లోపలి తీగ వేడెక్కినగాని ఎలక్ట్రానులు వెలువడవు. కరెంటు లేనిచోట తీగను కాల్చుటకొక బ్యాటరీ, ఆ ఎలక్ట్రానులను లాగుటకు సుమారు 90 వోల్టుల బ్యాటరీ మరొకటి కావలెను. అంత ఖర్చు సామాన్య రైతు భరింపగలిగినది కాదు.

చిత్రమేమనగా, ఈ చిక్కును తీర్చు వస్తువు అప్పటికే పుట్టియున్నది. 1947 డిసెంబరు 16న అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బార్డీన్, బ్రాటెన్ అనువారు జెర్మేనియం ముక్కపై రెండు బంగారు మొనలను అతి దగ్గరగా ఆనించి, విద్యుత్ సంకేతమును పెద్దది చేసిరి. మరుసటి నెలలోనే షాక్లీ మొనలతో పనిలేని పొరల ట్రాన్సిస్టరును ఊహించెను. మొనలది సున్నితమైన వ్యవహారము; రేడియోలలో నిలదొక్కుకొన్నది పొరలదే. ముగ్గురికిని 1956లో నోబెల్ బహుమానము లభించినది.

శుద్ధమైన జెర్మేనియంలో విద్యుత్తు అంతగా ప్రవహింపదు. లేశమాత్రము ఆర్సెనిక్ కలిపినచో ఎలక్ట్రానులు కొన్ని అదనముగా మిగులును. ఇది ఎన్ రకము. ఇండియం కలిపినచో ఎలక్ట్రానులు ఉండవలసిన చోట ఖాళీలు ఏర్పడును. ఇది పి రకము. రెండు ఎన్ పొరల నడుమ మిక్కిలి పలుచని పి పొర ఉన్నచో అది ట్రాన్సిస్టరు. మొదటి పొర ఎమిటర్, నడిమిది బేస్, చివరిది కలెక్టర్. ఎమిటర్ నుండి బయలుదేరిన 100 ఎలక్ట్రానులలో 2 బేస్‌లోని ఖాళీలలో పడి ఆగినవనుకొందము. తక్కిన 98 ఆ పలుచని పొరను దాటి కలెక్టర్‌ను చేరును. ఆగిన ఆ రెండింటికి సరిపడ కరెంటును బేస్‌కు అందించుచున్నంత వరకే ఈ ప్రవాహము సాగును. విద్యార్థులు 98ని 2చే భాగించి చూడవచ్చును: బేస్ కరెంటు ఒక పాలు పెరిగిన, కలెక్టర్ కరెంటు 49 పాళ్లు పెరుగును. తూము దగ్గర లస్కరు మరను కొద్దిగా త్రిప్పగా కాలువెడు నీరు కదలదా? అక్కడ బలము నీటిది, ఇక్కడ బ్యాటరీది.

కాల్చవలసిన తీగ లేదు గనుక టార్చిలైటు సెల్లులు నాలుగు చాలును. 1954లో అమెరికాలో అమ్మకమునకు వచ్చిన రీజెన్సీ రేడియోలో ఉన్నవి నాలుగే ట్రాన్సిస్టర్లు. తరువాత జెర్మేనియం స్థానమును, వేడికి ఎక్కువగా ఓర్చు సిలికాన్ ఆక్రమించినది. మన ఊళ్లలోనైతే లోపలి వస్తువు పేరే పెట్టెకు స్థిరపడి, రేడియో ‘ట్రాన్సిస్టరు’ అయినది.

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణముగా తీరము దాటిన తుఫాను కోనసీమ కొబ్బరితోటలను నేలగూల్చినది. కరెంటు స్తంభము పడిన ఊరిలో గోడకు తగిలించిన తీగతో నడచు పెట్టె మూగవోవును. సెల్లుల ట్రాన్సిస్టరుకు ఆ స్తంభముతో పని లేదు.