పోలీసు నివేదికే పిటిషన్: అమలుకు నోచుకోని నిబంధన

రోడ్డు ప్రమాద బాధితులకు అందిన న్యాయసహాయం గురించి రాసేవాళ్లు మూడు మెట్లు చెబుతారు: 1956లో మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునళ్లు, 1982 నుంచి లోక్ అదాలత్‌లు, 1987లో న్యాయసేవల చట్టం. వరుస తప్పు కాదు. కానీ ఇన్నేళ్లూ ఆసుపత్రి మంచం దాకా వచ్చిందెవరన్న ప్రశ్నకు అందులో జవాబు లేదు.

తొలి దశలు తెలిసినవే. 1855 చట్టం మృతుల కుటుంబాలకు సివిల్ దావా హక్కు ఇచ్చింది. 1946 జులై నుంచి థర్డ్ పార్టీ బీమా తప్పనిసరైంది. ట్రిబ్యునళ్లు వచ్చినా దరఖాస్తుకు 60 రోజులే గడువు. 1969 సవరణ దాన్ని ఆరు నెలలు చేసింది. డ్రైవర్ నిర్లక్ష్యం రుజువు కావాల్సిందేనని 1977లో సుప్రీంకోర్టు అంది. పేదల మీద కోర్టు ఫీజు భారం కూడదని జస్టిస్ కృష్ణయ్యర్ 1979లో గట్టిగా చెప్పారు. 1982లో, తప్పెవరిదన్న విచారణ లేకుండానే మరణానికి 15,000, శాశ్వత వైకల్యానికి 7,500 రూపాయలు ఇచ్చే ఏర్పాటు వచ్చింది.

అసలు సంగతి మోటారు వాహనాల చట్టానికి 1994లో వచ్చిన సవరణలో ఉంది. గడువు ఎత్తేసిందని, వయసు, ఆదాయాలను బట్టి పరిహారం లెక్కగట్టే పట్టిక తెచ్చిందని దాన్ని మెచ్చుకుంటారు. అంతకంటే పెద్ద మార్పును పట్టించుకున్నవాళ్లు తక్కువ. అప్పటి సెక్షన్ 158(6) ప్రకారం పోలీసు స్టేషన్ అధికారి 30 రోజుల్లో ప్రమాద నివేదికను ట్రిబ్యునల్‌కు పంపాలి. 166(4) ప్రకారం ట్రిబ్యునల్ ఆ నివేదికనే దరఖాస్తుగా తీసుకోవాలి. 1988 చట్టం ట్రిబ్యునల్ ఇష్టానికి వదిలినదాన్ని 1994లో తప్పనిసరి చేశారు. అంటే కాలు విరిగినవాడు వకాల్తా మీద సంతకం పెట్టకముందే కేసు మొదలైపోవాలి.

మొదలవలేదు. ఎఫ్‌ఐఆర్, చార్జిషీటు మేజిస్ట్రేటు కోర్టుకు చేరేవి. ట్రిబ్యునల్‌ను తలుచుకున్న స్టేషన్లు అరుదు. 2007లో ఈ సెక్షన్‌ను పాటించాలని సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. ఆ ఆదేశం వెలువడింది జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంపై నడిపిన కేసులో. అడిగింది బాధితులు కాదు, బీమా కంపెనీలు! నకిలీ క్లెయిముల భయం వాళ్లది కావచ్చు. 2009లో డీజీపీలకు మళ్లీ ఆదేశాలివ్వాల్సి వచ్చింది. ఢిల్లీలో మాత్రం హైకోర్టు పట్టుదల వల్ల పోలీసుల వివర నివేదికతోనే కేసులు నడిచే పద్ధతి కాస్త కుదురుకుంది.

ఈ ఖాళీలోకి వచ్చినవాడే పర్సంటేజి వకీలు. పరిహారంలో వాటా మాట్లాడుకోవడం వృత్తి తప్పిదమని సుప్రీంకోర్టు 1954లోనే తేల్చింది. అయినా మన నగరాల్లో ఎంవీఓపీ (ప్రమాద పరిహార పిటిషన్) వేయాలంటే ఆ మాట రాక తప్పని సందర్భాలు చాలా. నేను ఆ వకీలును పూర్తిగా తప్పుపట్టలేను. ముందు ఫీజు అడగకుండా ఎఫ్‌ఐఆర్ నకలు, గాయాల సర్టిఫికెట్, వైకల్య ధ్రువపత్రం కోసం తిరిగింది అతనే. ఉచిత న్యాయసహాయం ఆ పని చేయలేకపోయింది. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు అది ఆదాయంతో పనిలేకుండా అందుతుంది. రోడ్డు ప్రమాదం మాత్రం దానంతటదే అర్హత కాదు. లోక్ అదాలత్ త్వరగా తేలుస్తుంది, నిజమే. కానీ దాని అవార్డుపై అప్పీలు లేదు. గాయం శాశ్వత వైకల్యంగా మిగులుతుందో లేదో తేలకముందే రాజీపడితే నష్టం బాధితుడిదే.

ఇక ఇప్పటి సంగతి. 2022 ఏప్రిల్ నుంచి పోలీసులు 48 గంటల్లో తొలి నివేదిక పంపాలని నియమాలు చెబుతున్నాయి. ఆ డిసెంబరులో సుప్రీంకోర్టు దేశమంతటా అమలు చేయమంది. కాగితం మీద ఇది మంచి ఏర్పాటే. కానీ అదే ఏప్రిల్ నుంచి దరఖాస్తుకు ఆరు నెలల గడువూ తిరిగొచ్చింది. పోలీసు నివేదిక ఠంచనుగా వెళ్తుందన్న భరోసా లేకుండా గడువు పెట్టడం నా దృష్టిలో అన్యాయం. పోలీసుల ఆలస్యానికి శిక్ష గాయపడ్డవాడికి పడుతుంది. కనుక ఎవరికైనా ప్రమాదం జరిగితే ఎఫ్‌ఐఆర్ నకలుతో సరిపెట్టుకోకండి. ట్రిబ్యునల్‌కు పంపిన నివేదిక నకలు కూడా అడగండి. గడువు లెక్క ప్రమాదం జరిగిన రోజు నుంచే మొదలవుతుంది.